హాజరుపట్టీలో అమ్మాయిల పేర్లు

స్వర్ణోత్సవ కమిటీ వాళ్లు నన్ను అడిగింది ఒకటి, నేను రాస్తున్నది ఒకటి. సాగర్ కుడి కాలువ మన పల్నాటికి నీళ్లు తెచ్చిన చరిత్ర రాయమన్నారు. ముప్పై ఏళ్లుగా నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా ఉన్నవాణ్ణి కాబట్టి అది నాకు తేలికని వాళ్ల లెక్క. అయితే అదే కమిటీ నాకు ఇంకో పని కూడా అప్పగించింది. మన బడి పాత అడ్మిషన్ రిజిస్టర్లను కంప్యూటర్లోకి ఎక్కించి, ఈ సంచిక చివర వేసే పూర్వ విద్యార్థుల జాబితా తయారుచేయాలి. ఆ పని సగంలో ఉండగా మా అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. కాలువ పక్కకు పోయింది, పేర్లు మీదకొచ్చాయి.

పాపది ఉత్తర మూడో పాదం. 'పా' అక్షరం వచ్చింది. పంచాంగంలో 27 నక్షత్రాలు, ఒక్కోదానికి నాలుగు పాదాలు, వెరసి 108 అక్షరాలు. హస్త మూడో పాదానికి 'ణ' అని ఉంటుంది. 'ణ'తో ఆడపిల్లకు ఏం పేరు పెడతారో మన తెలుగు మాస్టార్లే చెప్పాలి. పాప ఇంకొక్క రోజు ఆగి పుట్టి ఉంటే మాకు ఆ కష్టమే వచ్చేది.

'పా' తేలికే అనుకున్నాం. పావని అన్నాను. "బళ్లో పావలా అంటారు మామయ్యగారూ" అన్నాడు మా అల్లుడు. పారిజాత అన్నది మా ఆవిడ. పరుగుపందెంలో ఓడిన రోజున పారిపోయింది అంటారట. దీర్ఘం లేకపోయినా ఫర్వాలేదనుకుని పల్లవి అంటే పల్లీ అయింది. పార్వతి అంటే మరీ పాత పేరు, పైగా పారు. ఇట్లా వారం గడిచింది. చివరికి మా అమ్మాయి, "నాన్నా, నువ్వు ఆ రిజిస్టర్లన్నీ తిరగేస్తున్నావుగా. ఎవరూ వంకర తిప్పలేని పేరు ఒక్కటి వెతికి చెప్పు" అంది.

వెతికాను.

మన బడి తొలి రిజిస్టర్లు తెరిస్తే ముందుగా కనపడేవి దేవుళ్లు, గుళ్లు, కొండలు. కోటప్పకొండ పక్కనే ఉంది కాబట్టి కోటమ్మలు, కోటేశ్వరమ్మలు పేజీకొకరు. పెనుగంచిప్రోలు అమ్మవారికి మొక్కుకున్న ఇళ్లలో తిరుపతమ్మలు. మస్తానమ్మలు ఇంకో విశేషం. గుంటూరు కాలే మస్తాన్ దర్గాకో, నెల్లూరు జిల్లా కసుమూరు మస్తాన్ వలీ దర్గాకో మొక్కుకుని, బిడ్డ పుడితే ఆ పేరు పెట్టుకున్న హిందువుల ఇళ్లు మన వైపు ఎన్నో. తండ్రి పేరు వెంకటేశ్వర్లు, కూతురు పేరు మస్తానమ్మ. రిజిస్టరు రాసిన గుమాస్తాకు గానీ, చదివిన మాస్టారికి గానీ అందులో వింతేమీ కనపడలేదు.

ఈ లెక్కన ఆడవాళ్ల పేరు విని ఊరు చెప్పొచ్చు. యాదమ్మ అంటే యాదగిరిగుట్ట చుట్టుపక్కల, ఓబులమ్మ అంటే అహోబిలం వైపు, నూకాలమ్మ, నూకరత్నం అంటే అనకాపల్లి, పైడితల్లి అంటే విజయనగరం, మాణిక్యాంబ అంటే ద్రాక్షారామం. ఉత్తర తెలంగాణలో 'అవ్వ' చేర్చి రాజవ్వ, మల్లవ్వ అంటారు. ఉద్యోగరీత్యా నేను తిరిగిన ఊళ్లలో ఈ సూత్రం తప్పింది తక్కువ.

ఇంకా వెనక్కి పోతే శాసనాల్లో కూడా ఇదే వరస. కాకతి గణపతిదేవుడి చెల్లెలు మైలమ బయ్యారం చెరువు తవ్వించింది. కాలువలవాణ్ణి కాబట్టి ఆ చెరువంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. తెలుగులో మైలమ, సంస్కృత శ్లోకంలోకి వెళ్తే మైలాంబ. గణపతిదేవుడి కూతురు జనం నోట రుద్రమ. సింహాసనం మీద రుద్రదేవ మహారాజు. ఒకే మనిషికి కొలువులో ఒక పేరు, నలుగురి నోట ఒక పేరు ఉండటం మన రిజిస్టర్లతో మొదలైంది కాదన్నమాట. తరిగొండ వెంగమాంబలోనూ, 1902లో 'ధనత్రయోదశి' కథ రాసిన భండారు అచ్చమాంబలోనూ లోపల ఉన్నది వెంగమ్మ, అచ్చమ్మే. 'అంబ' పైన కప్పుకున్న పట్టుశాలువ. మన పల్నాటి చరిత్రలో నాగమ్మదింకో దారి. ఆవిడకు శాలువ అక్కర్లేకపోయింది. లోకం పెట్టిన పిలుపే బిరుదై నాయకురాలు అయింది. మాచర్ల, గురజాల, కారంపూడి ఎక్కడికి వెళ్లి నాయకురాలు అన్నా ఇంకెవరినీ అనుకోరు.

ఇక మా అమ్మాయి అసలు ప్రశ్నకు వస్తాను. పేర్లను వంకర తిప్పేది ఎవరు, ఎట్లా?

నోటితో చేసే ఈ పనికి కూడా ఒక ఇంజనీరింగు ఉంది. పొడుగు పేరులో మొదటి రెండక్షరాలు పట్టుకోవడం, మధ్య హల్లును ఒత్తడం, చివర ఇకారమో, 'లు'నో, 'అమ్మ'నో తగిలించడం. సుబ్బలక్ష్మి సుబ్బి, సుబ్బులు. రత్నం రత్తి, రత్తాలు, రత్తమ్మ. సీతామహాలక్ష్మి సీతాలు. వెంకటలక్ష్మి వెంకి, వెంకాయమ్మ. లక్ష్మి అయితే లచ్చి, లచ్చమ్మ, లచ్చుమమ్మ. ఇందులో నాకు చాలాకాలం తట్టని సంగతి ఒకటుంది. ఈ చివరి అక్షరాలు ఊరికే తగిలించేవి కావు. భూమి ఉన్న ఇంట్లో పుట్టిన లక్ష్మి పెద్దదయ్యాక లక్ష్మమ్మగారు. ఆ ఇంటి పొలంలో నాట్లు వేసే లక్ష్మి జుట్టు నెరిసినా లచ్చే. లచ్చమ్మ అనిపించుకోవాలంటే మనవలు పుట్టాలి, అప్పుడు కూడా అందరూ అనరు. రెండిళ్ల వాళ్లూ బిడ్డకు పెట్టింది ఒకే దేవత పేరు. కుదించే హక్కు ఎవరిది అన్న దగ్గరే తేడా.

గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కం' 1897లో అచ్చయింది. అందులో ముసలివాడికి అమ్మజూపిన పసిపిల్ల పేరు సుబ్బి. విధవ అయి పుట్టింట ఉన్న అక్క బుచ్చమ్మ. బేరమాడి, ఎదురు నిలబడి మాట్లాడగల వేశ్య మధురవాణి. ఆవిణ్ణి ఎవరూ మధురీ అని కుదించరు. ఇది గురజాడ కావాలని చేశారో, విన్నది విన్నట్టు రాశారో గానీ, ఆ ఇంట్లో ఎవరి మాట ఎంత చెల్లుతుందో పేరు పొడవును బట్టే తెలిసిపోతుంది. అయితే అదే కుదింపు ప్రేమ కూడా కాగలదు. 1925లో నండూరి సుబ్బారావుగారి 'ఎంకి పాటలు' పుస్తకంగా వచ్చింది. వెంకి అన్న పాలేరు ఇంటి పిలుపు, అందులో 'వ' కూడా రాలిపోయి, కవిత్వంలో నాయిక అయి కూర్చుంది. కాబట్టి వంకరంతా ఇకారంలో లేదు, పిలిచే నోట్లో ఉంది.

ఈ మాట నాకు తెలియడానికి ఒక తప్పు చేయాల్సి వచ్చింది. అది మన బళ్లోనే చేశాను.

మా తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. ఆమె పేరు ఇక్కడ రాయను. పెంటమ్మ, పుల్లమ్మ, బిచ్చమ్మ, పిచ్చమ్మ వంటి పేర్లు మీరు వినే ఉంటారు, ఆ కోవలోది. ఆ పేరును మరీ వికారంగా తిప్పి, ప్రాస కలిపి, మధ్యాహ్నం బెల్లులో పాటలాగా పాడింది మా మగపిల్లల గుంపు. ప్రాస కట్టింది నేను. అప్పట్లో నాకు పద్యాలు బాగా వచ్చని మాస్టార్ల మెప్పు కూడా ఉండేది. తొమ్మిదో తరగతి సంక్రాంతి సెలవుల తరవాత ఆ అమ్మాయి బడికి రాలేదు. పది రోజులు చూసి మన తెలుగు మాస్టారు వాళ్లింటికి వెళ్లొచ్చారు. నన్ను కొడతారనుకున్నాను. కొట్టలేదు. మర్నాటి నుంచి నెల రోజులపాటు హాజరు నాచేత పిలిపించారు. ప్రతి పేరూ ఇంటిపేరుతో సహా పూర్తిగా పలకాలి. నత్తినత్తిగా అంటే మళ్లీ మొదటి నుంచి. ఆ అమ్మాయి తిరిగొచ్చిన రోజున ఆమె పేరు దగ్గర నా గొంతు ఆగిపోయింది. మాస్టారు ఏమీ అనకుండా నిలబడ్డారు. క్లాసంతా చూస్తోంది. పలికాను. "హాజరండీ" అంది.

ఆ రోజుకు సిగ్గుపడ్డానే గానీ విషయం అర్థం కాలేదు. అర్థమైంది ఉద్యోగంలో చేరిన కొత్తలో, కుడి కాలువ మేజరు మీద మరమ్మతులు జరుగుతున్నప్పుడు. సాయంత్రం మస్టరు తీసి కూలీల పేర్లు పిలవాలి. ఒక పేరు దగ్గర మళ్లీ నా గొంతు ఆగింది. పెంటమ్మ. అరవై ఏళ్లుంటాయి ఆమెకు. నా అవస్థ చూసి నవ్వింది. "పిలవయ్యా, సిగ్గెందుకు? ఆ పేరేగా నన్ను బతికిచ్చింది. నా ముందు ముగ్గురు పోయారంట" అంది.

పుట్టిన బిడ్డలు పుట్టినట్టు పోతుంటే, తరవాత పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎవరో పారేస్తే తెచ్చుకున్నట్టు ఎత్తుకునేవారు. ఎంగిలి విస్తరాకులో, అంటే పుల్లాకులో, పొర్లించి తీస్తే పుల్లయ్య, పుల్లమ్మ. పొరుగింటావిడ కొంగులో వేసి, చేటెడు తవుడుకు అమ్మేసినట్టు నటించి మళ్లీ తెచ్చుకుంటే తవుడు, తవిటమ్మ. ఈ పేర్లు శ్రీకాకుళం వైపు ఎక్కువ. బిచ్చమెత్తి తెచ్చుకున్నట్టయితే బిచ్చమ్మ. ఇది ఎవరికీ అక్కర్లేని బిడ్డ, దీని జోలికి రాకు అని మృత్యువుకు చెప్పే అబద్ధం అన్నమాట. మన దేశంలో 1951లో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 146 మంది ఏడాది నిండకుండా పోయేవారు. 2020కి అది 28కి దిగింది. రిజిస్టర్లలో ఈ పేర్లు పలచబడుతూ రావడానికి నాగరికత కంటే టీకాలూ ఆస్పత్రులే ఎక్కువ కారణమని నా అభిప్రాయం.

దీన్ని ఇంకోదానితో కలిపి చూడకూడదు. మహారాష్ట్రలో సతారా జిల్లాలో 2011 అక్టోబరులో 285 మంది ఆడపిల్లలకు ఒకేసారి పేర్లు మార్చారు. అంతకు ముందు వాళ్ల పేరు నకుశా. మరాఠీలో అక్కర్లేనిది అని అర్థం. మగపిల్లవాడి కోసం ఎదురుచూస్తూ, వరసగా ఆడపిల్లలు పుడితే విసుగుతో పెట్టిన పేరు అది. పైకి రెండూ ఒకటిగానే కనపడతాయి. పెంటమ్మను కన్నవాళ్లు బిడ్డ కావాలని ఆ పేరు పెట్టారు, నకుశాను కన్నవాళ్లు వద్దని పెట్టారు. నేను బళ్లో ప్రాస కట్టింది, ముగ్గురు బిడ్డల్ని పోగొట్టుకున్న ఒక నాయనమ్మ భయానికి. అది తెలిసేటప్పటికి నాకు ముప్పై దగ్గరపడింది.

మళ్లీ రిజిస్టర్లలోకి వస్తాను. నా పుట్టుక నాటికి గాలి మారుతోంది. అంతకు ముందు జాతీయోద్యమం స్వరాజ్యాలను, ఝాన్సీలను, సరోజినులను ఇచ్చింది. 1931లో పుట్టిన మల్లు స్వరాజ్యం పేరు ఆ గాలికి వచ్చిందే. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. మా తరగతిలో ఇద్దరు ఇందిరలు ఉండటానికి కాలువకు ఏమైనా సంబంధం ఉందేమో, కమిటీ వాళ్లు ఈ ఒక్క వాక్యంతో సరిపెట్టుకోవాలి. ఆ తరవాత సినిమాల వంతు. లలితారాణి జయప్రద అయింది, సుజాత జయసుధ అయింది, మన రిజిస్టర్లో వెంకాయమ్మల కూతుళ్లు జయప్రదలు, జయసుధలు అయ్యారు. పేర్ల చివర 'అమ్మ' ఊడిపోయింది మొదట. తరవాత 'లక్ష్మి' ఊడింది. చివరి రిజిస్టర్లకు వచ్చేసరికి రెండున్నర అక్షరాలు మిగిలాయి.

పేరు మారడంలో హెడ్మాస్టర్ల చేయి కూడా తక్కువదేమీ కాదు. ఇంట్లో ఒక పేరు, చర్చిలో ఒక పేరు ఉన్న పిల్లకు బళ్లో మూడోది వచ్చేది. చేర్చడానికి వచ్చిన తాతను పేరు అడిగితే 'బుజ్జి' అనేవాడు. అది కాదు అసలు పేరు అంటే, "మీరే ఏదో ఒకటి రాయండి పంతులుగారూ" అనేవాడు. ఆ రాసిందే పదో తరగతి సర్టిఫికెట్ దాకా, పింఛను కాగితాల దాకా. మనలో చాలామందికి జూన్, జూలై ఒకటో తేదీల్లోనే పుట్టినరోజులు రావడం కూడా వాళ్ల చలవే. ఇప్పుడు ఆ అధికారం బడి చేయి దాటింది. 1969 జనన మరణాల నమోదు చట్టం కింద బిడ్డ పుట్టుకను పేరు లేకుండా నమోదు చేయించినా, ఏడాదిలోపు రుసుము లేకుండా పేరు చేర్చుకోవచ్చు. ఆలస్య రుసుము కడితే పదిహేనేళ్ల దాకా వీలుంది. కానీ 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకు బడిలో చేరడం మొదలు ఆధార్, ఓటు, ఉద్యోగం దాకా జనన ధ్రువపత్రమే ఆధారం. అందుకే ఆస్పత్రి నుంచి ఇంటికి రాకముందే మా వాళ్లకు ఇంత కంగారు.

అయితే బడి చేసిన పని ఇంకొకటుంది. ఊళ్లో లచ్చి, సుబ్బి, రత్తి అని కేకలేయించుకున్న పిల్లల పేర్లను, రోజూ పొద్దున్నే, భూమి ఉన్న ఇంటి పిల్లల పేర్ల పక్కనే, ఒకే గొంతుతో పూర్తిగా పలికింది హాజరుపట్టీయే. అమ్మానాన్నలు కూడా వాళ్లను అట్లా పిలిచి ఉండరు. మా మాస్టారు దాన్ని ఎంత పట్టుదలగా కాపాడారో, మధ్యాహ్నం బెల్లులో మేం అంత శ్రద్ధగా చెడగొట్టాం.

జాబితా కోసం ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. పక్క మండలంలో అంగన్‌వాడీ టీచరు. మొదట ఉత్సవం సంగతి, తరవాత తడబడుతూ పాత సంగతి ఎత్తాను. గుర్తుందా అని అడిగాను. "గుర్తులేకుండా ఎట్లా ఉంటది?" అంది. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. ఇప్పుడు వేరే పేరు వాడుతుంటే జాబితాలో అదే వేస్తానన్నాను. కూతురు గెజెట్లో మార్పించుకోమని ఒకసారి పోరిందట, తనే వద్దందట. "నాయనమ్మ పెట్టింది. ఉన్నది ఉన్నట్టు వెయ్యి" అంది. పెట్టేసే ముందు, "మాస్టారొస్తున్నారా? వస్తే హాజరు పిలవమని చెప్పు. అందర్నీ పూర్తి పేర్లతో" అంది. మాస్టారికి ఎనభై ఆరేళ్లు. వస్తామన్నారు. రిజిస్టరు ఫొటోకాపీ తీయించి ఉంచాను.

హైదరాబాద్ కోఠీ మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఐలోని మల్లన్న పేరు మీద వచ్చిన పల్లెటూరి పేరు అది. మా అల్లుడి పరీక్షకు నిలబడేది కాదు. అది చెప్తే నవ్వి ఊరుకున్నాడు.

మా అమ్మాయికి మాత్రం నిజం చెప్పాను. అన్ని రిజిస్టర్లూ తిరగేశాను, వంకర తిప్పలేని పేరు ఒక్కటీ దొరకలేదు, నీకు నచ్చింది పెట్టుకో అని. ఇరవై ఒకటో రోజు బారసాలలో పళ్లెంలో బియ్యం పోసి, అల్లుడు ఉంగరంతో 'పావని' అని రాశాడు. ఇప్పుడు రోజూ ఆఫీసు నుంచి ఫోన్ చేసి, "పావలా నిద్ర లేచిందా?" అని అడిగేది అతనే.